నేటి సంస్కృతియు క్రైస్తవ విశ్వాసమును

హైదరాబాదు నగరమునకు తూర్పుదిక్కున, విజయవాడకు పోవు రాజమార్గముమీద, దిల్‌సుఖ్‌నగర్, ఎల్.బి.నగర్ అను రెండు పేటలు కలవు. 2018 సెప్టెంబరులో అమీర్‌పేటనుండి ఎల్.బి.నగర్ వఱకు మెట్రో రైలు నడువ నారంభించిన పిదప ఆ రెండింటికిని నడుమనున్న దూరము కొన్ని నిమిషములకు తగ్గినది. ఉద్యోగము విరమించిన తరువాత నేను ఆ ప్రాంతముననే నివసించుచు, సాయంకాలము చైతన్యపురి సందులలో కొంతసేపు నడచుట అలవాటు చేసికొంటిని. నల్లగొండ, సూర్యాపేట, ఖమ్మము మొదలైన సీమలనుండి వచ్చిన యువతీయువకులు పుస్తకముల సంచులు వీపున వేసికొని, శిక్షణకేంద్రములనుండి వసతిగృహములకును, వసతిగృహములనుండి శిక్షణకేంద్రములకును తిరుగుచుందురు. గోడలమీదను స్తంభములమీదను పరీక్షలలో నెగ్గినవారి ముఖములును, ఆ ముఖముల క్రింద అంకెలును పెద్ద పెద్ద పటములుగా వ్రేలాడుచుండును. తప్పినవారి ముఖములు మాత్రము ఏ గోడమీదను కానరావు.

గోడకెక్కని ఆ ముఖములను గూర్చియే నేడు నాలుగు మాటలు చెప్పదలచితిని. విషయమునకు పండితులు పెట్టిన పేరు పెద్దది: అస్తిత్వ దైవశాస్త్రము. కాని దాని మూలము ఒక చిన్న ప్రశ్న. ఆ ప్రశ్న నాకు గ్రంథములలో ఎదురుపడుటకు ముందే మా యింటి వసారాలో ఎదురుపడినది.

నేను క్రైస్తవుడను. గురుముఖమున అమరమును రఘువంశమును చదివి, సంస్కృతాంధ్రములలో పరీక్షలకు కూర్చుండి, పాఠశాలలో తెలుగు పండితుడనై ముప్పదియేండ్లకు పైగా పనిచేసితిని. నా పూర్వవిద్యార్థి యొకడు సర్కారు కొలువుకొఱకు చదువుచు చైతన్యపురిలో ఒక వసతిగృహమున ఉండెడివాడు. ఇఱుకు గదిలో నాలుగు మంచములు. వానిలో ఒకటి అతనిది. పరీక్ష మూడవమాఱును తప్పిన దినమున అతడు మా యింటికి వచ్చెను. నేను అతనిని కూర్చుండబెట్టి, నిరుత్సాహపడవలదనియు, దేవునికి అతనియెడల ఒక ఉద్దేశము కలదనియు చెప్పి, పరిశుద్ధ గ్రంథమునుండి ఒక వాక్యము చదివి వినిపించితిని. అతడు వినయముతోనే వినెను. విని, తలయెత్తి, “సార్, ఈ మాట పాసైనోళ్ళకా, ఫెయిలైనోళ్ళకా?” అని యడిగెను.

నాకు వెంటనే సమాధానము తోచలేదు. “అందఱికిని” అంటిని. అతడు చిన్నగా నవ్వి, నమస్కరించి, లేచి పోయెను. ఆ రాత్రి నేను ఫోను చేసితిని, పలుకలేదు. మఱునాడును పలుకలేదు. ఆ రెండు దినములును నేను పడిన భయము దేవునికి తెలియును. 2019 ఏప్రిలులో తెలంగాణ ఇంటర్మీడియట్ ఫలితములు వెలువడిన పిమ్మట ఇరువదిమందికి పైగా విద్యార్థులు ప్రాణములు తీసికొన్న వార్తలను చదివిన ఉపాధ్యాయులకు ఆ భయమును నేను వర్ణింపనక్కఱలేదు. ఆ కుఱ్ఱవాని సంగతి చివర చెప్పెదను. ముందుగా అతని ప్రశ్నను విచారింతము.

దైవమును గూర్చి విచారము రెండు విధములుగా మొదలిడవచ్చును. దేవుడు సర్వజ్ఞుడు, సర్వశక్తుడు, దయామయుడు అని గుణములను నిర్ణయించి, ఆ నిర్ణయములను మనుష్యునకు అన్వయించుట ఒక విధము. మనుష్యుడు ఎట్టి సంకటమునందు చిక్కుకొని యున్నాడో మొదట చూచి, ఆ సంకటమున అతడు పెట్టు మొఱ యేమో విని, దైవవాక్యము ఆ మొఱకు ప్రత్యుత్తరమగునా కాదా యని పరీక్షించుట రెండవ విధము. ఈ రెండవ విధమునకే అస్తిత్వ దైవశాస్త్రమని పేరు.

ఇది మనకు కేవలము క్రొత్త కాదు. భగవద్గీత తత్త్వనిర్ణయముతో ఆరంభము కాదు. గాండీవము చేతినుండి జాఱుచుండగా కూలబడిన మనుష్యునితో ఆరంభమగును. ఆ మొదటి అధ్యాయమునకు పెద్దలు విషాదయోగమని పేరిడిరి. విషాదమును సైతము ఒక యోగముగా పరిగణించిన జాతి మనది. కఠోపనిషత్తున నచికేతుడు యముని వాకిట నిలిచి, ధనము, దీర్ఘాయువు మున్నగు వరములను త్రోసివేసి, మరణమును గూర్చిన ఒక్క ప్రశ్ననే పట్టుకొనెను. అట్లే బైబిలునందు యోబు తన కురుపులలో కూర్చుండి దేవునితో వాదించెను. ప్రసంగి యను గ్రంథకర్త తన శ్రమకంతకును ఫలమేమని నిట్టూర్చెను. వారి ప్రశ్నలను దైవదూషణ యని త్రోసివేయక వేదభాగముగా భద్రపఱచిన పూర్వులు మనకంటె ధైర్యవంతులు.

ఐరోపాఖండమున ఈ మార్గమును మరల త్రవ్వి చూపినవాడు డెన్మార్కు దేశీయుడైన సోరెన్ కీర్కెగార్డ్. అతడు 1813లో పుట్టి 1855లో మరణించెను. ఆ కాలమున ఆ దేశమున పుట్టిన ప్రతిశిశువును ఇంచుమించుగా పుట్టుకతోనే క్రైస్తవుల పట్టికలో చేరుచుండెను. అందఱును క్రైస్తవులని వ్రాయబడినచోట నిజముగా క్రైస్తవుడగుట యెట్లని అతడు అడిగెను. 1843లో వెలువడిన ‘భయకంపములు’ అను గ్రంథమున, కుమారుని బలియిచ్చుటకు బయలుదేఱిన అబ్రాహాము కథను అతడు విమర్శించెను. కథాంతమున బిడ్డ బ్రదుకునని మనము ముందే యెఱుగుదుము. కావున ఆ తండ్రి మూడు దినముల ప్రయాణమున అనుభవించిన వేదనను దాటవేసి ఫలమును మాత్రము మెచ్చుకొందుము అని అతని యాక్షేపము. ఆ పుటలు చదివినపుడు నాకు సిగ్గు కలిగెను. నేనును నా విద్యార్థికి కథాంతమునే చెప్పితిని. అతడు నడుచుచున్న మూడు దినములను చూడనైతిని.

జర్మనీ దేశమున రూడోల్ఫ్ బుల్ట్‌మన్ అను బైబిలు పండితుడు 1941లో చేసిన ఒక ప్రసంగమున మఱియొక చిక్కును బయటపెట్టెను. విద్యుద్దీపమును రేడియోను వాడుకొనుచు, రోగము వచ్చిన వైద్యశాలకు పరుగిడు మనుష్యుడు రెండువేల ఏండ్లనాటి లోకచిత్రమును ఉన్నదున్నట్లు నమ్మజాలడని అతని వాదము. రేడియో ముందు కూర్చుండి మాటలాడుచున్న నేను ఈ వాదమును విననట్లు నటింపజాలను. ఐనను ఆ కథలను పాఱవేయుమని బుల్ట్‌మన్ చెప్పలేదు. అవి మన బ్రదుకును గూర్చి యేమి చెప్పుచున్నవి, మనలను ఏ నిర్ణయమునకు పిలుచుచున్నవి అని చదువుమనెను.

ఈ సరణిలో మూడవవాడు పాల్ టిలిక్. ఇతడు 1886లో జన్మించి 1965లో గతించెను. మొదటి ప్రపంచయుద్ధమున జర్మను సేనకు పురోహితుడై సైనికులను పాతిపెట్టుచు, లోకము నానాటికి మెఱుగగుచున్నదను నమ్మకమును అక్కడనే పోగొట్టుకొనెను. 1933లో హిట్లరు ప్రభుత్వము అతనిని ఫ్రాంక్‌ఫర్టు విశ్వవిద్యాలయమునందలి పదవినుండి తొలగింపగా, నలువదియేడేండ్ల ప్రాయమున అమెరికాకు పోయి పరభాషలో బోధింప నేర్చికొనెను. అతని సిద్ధాంతము పుస్తకాలయమున మాత్రమే పుట్టినది కాదని తెలియుటకై ఈ వృత్తాంతము చెప్పితిని.

1952లో ప్రకటితమైన ‘ది కరేజ్ టు బి’ అను గ్రంథమున టిలిక్ మనుష్యుని దిగులును మూడు తెఱగులుగా విభజించెను. మొదటిది విధినిగూర్చియు మృత్యువునుగూర్చియు కలుగు దిగులు. రెండవది దోషమునుగూర్చియు తీర్పునుగూర్చియు కలుగు దిగులు. మూడవది శూన్యత, అనగా బ్రదుకునకు అర్థమే లేదను దిగులు. భయమునకు ఎదుట ఒక వస్తువుండును. పామును చూచి భయపడుదుము, తొలగిపోయిన భయము తీఱును. దిగులునకు అట్టి వస్తువు కానరాదు. కావుననే దానితో పోరాడుట కష్టము.

ఈ మూడు దిగుళ్ళును మా వీధిలోనే నాకు కనబడినవి. 2013 ఫిబ్రవరి 21వ తేదీ సాయంకాలము దిల్‌సుఖ్‌నగర్‌లో రెండు బాంబులు ప్రేలి అనేకులు ప్రాణములు గోల్పోయిరి. మృతులలో విద్యార్థులును ఉండిరి. బస్సు కొఱకు నిలుచుండుటయే వారు చేసినది. మఱునాడు ఆ దారిని నడచినవారికి మొదటి దిగులునకు వ్యాఖ్యానము అవసరము లేకపోయెను. రెండవది ఫలితములు వెలువడు దినమున ప్రతి వసతిగృహమునను కాచుకొని యుండును. అక్కడ తీర్పు చెప్పువాడు దేవుడు కాడు, ఒక అంకె. పొలము కుదువబెట్టి పంపిన తండ్రి ముఖము ఆ అంకె వెనుక కనబడును. మూడవది నెగ్గినవారిది. ఉద్యోగము దొరకి, ఎల్.బి.నగర్ దాపున ఇల్లు కొని, వాయిదాలు కట్టుచు, ఆదివారము సాయంకాలము మేడమీద నిలుచుండి “ఇంతేనా?” అని తన్ను తాను అడుగుకొనువారిని నేనెఱుగుదును. ప్రాచీన నాగరకత అంతరించునపుడు మొదటి దిగులును, మధ్యయుగము ముగియునపుడు రెండవదియు, మన కాలమున మూడవదియు ప్రబలినవని టిలిక్ వ్రాసెను. దిల్‌సుఖ్‌నగర్ నడివీధిలో మూడును ఒక్కమాఱే నడయాడుచున్నవి.

ఇచట నా చదువునకు చెందిన ఒక మాట చెప్పుటకు సెలవిండు. జర్మను భాషలో ఈ దిగులును ఆంగ్‌స్ట్ అందురు. ఆ శబ్దమునకు మూలమున ఇఱుకు అని యర్థము. భాషాశాస్త్రజ్ఞులు దానికి జ్ఞాతియని చూపు సంస్కృత శబ్దము అంహస్సు. అమరకోశమున పాపపర్యాయములలో దానిని మనము వల్లించితిమి. వేదభాషలో మాత్రము దానికి ఇఱుకు, సంకటము అను అర్థములు కలవు. సంకటమను మాటకును ఇఱుకనియే మొదటి యర్థము. ఇక విశ్వాసమను మాటను చూడుడు. అందలి శ్వస ధాతువునకు ఊపిరి తీయుట యని యర్థము. వెఱపు లేక నెమ్మదిగా ఊపిరి తీయుటయే విశ్వసించుట. మన పెద్దలు నమ్మకమును తలతో చేయు అంగీకారముగా తలపలేదు. ఱొమ్ము నిండ గాలి పీల్చుటగా తలచిరి. కావున నేటి సంస్కృతిలో విశ్వాసమునకు చోటున్నదా యను ప్రశ్నను నేను ఇట్లు మార్చి అడుగుచున్నాను: ఈ ఇఱుకు గదిలో అది ఊపిరియగునా, లేక ఐదవ మంచమగునా?

ఐదవ మంచమగుటయు కలదు. టిలిక్ 1919లోనే బెర్లినులో సంస్కృతియొక్క దైవశాస్త్రమను విషయమున ప్రసంగించెను. అతని మతమున ధర్మము సంస్కృతికి ప్రక్కన నిలిచిన వేఱొక గది కాదు. సంస్కృతి లోతులనుండునదియే ధర్మము. ఒక సమాజము దేనికొఱకు తక్కినదంతయు వదలుకొనుటకు సిద్ధపడునో, దేవుడని పిలిచినను పిలువకున్నను, అదియే ఆ సమాజమునకు దేవుడు. అల్పమైనదానిని ఆ పీఠముమీద కూర్చుండబెట్టిన అది తన్ను కొలిచినవారినే మ్రింగును. జర్మనీలో జాతి యట్లు పీఠమెక్కుట అతడు కన్నులార చూచెను. మా వీధిలో ఆ పీఠముమీద నున్నది ర్యాంకు. వేకువను లేచుట, ఉపవాసము, ఏకాంతము, మ్రొక్కుబడి, ఇల్లు విడిచిపోవుట మున్నగు తపోలక్షణములన్నియు దాని సేవలో కలవు. క్షమాపణ యొక్కటియే లేదు. చదువును నిందించుటకు నేనిట్లు అనుటలేదు. చదువే నాకు అన్నము పెట్టినది. చదువు దేవుడు కాదని మాత్రము చెప్పుచున్నాను.

అట్టియెడ మన సంఘములు ఏమి చేయుచున్నవి? ఎల్.బి.నగర్ ప్రాంతమున అంగళ్ళపైని మేడలలో, అద్దె సావడులలో, ఆదివారము ప్రార్థనలు జరుగుచుండును. ఊరు విడిచి వచ్చినవారికి అక్కడ పేరుపెట్టి పలుకరించువారు దొరకుదురు. అది చిన్న మేలు కాదు. ఐనను కొన్ని చోట్ల వినబడు బోధ, ప్రార్థించినవానికి ఉద్యోగము, కానుక యిచ్చినవానికి వీసా, నమ్మినవానికి ర్యాంకు అని. అట్లైన గోడమీది పటమును దేవుడు కూడ అంటించినట్లాయెను. తప్పినవానికి ఇపుడు రెండు తీర్పులు: చదువు చాలలేదు, విశ్వాసమును చాలలేదు. ఇఱుకు మఱింత ఇఱుకగును. నేను చదివి వినిపించిన వాక్యమును కుఱ్ఱవాడు ఇట్లే వినియుండును. ఆ దోషము వాక్యమునది కాదు, నాది.

ఇదంతయు పడమటివారి మాటయే గదా యని కొందఱనవచ్చును. తెలుగువారి కథ చెప్పెదను.

ఒంగోలు ప్రాంతమున 1866లో యెఱ్ఱగుంట్ల పేరయ్య యను మాదిగ కులజుడు, తోళ్ళ వర్తకుడు, క్రీస్తు మార్గమున చేరి తనవారికి ఆ మాట చెప్పనారంభించెను. 1876 మొదలు 1878 వఱకు మహాక్షామము. జాన్ క్లౌ అను అమెరికా బోధకుడు బకింగ్‌హామ్ కాలువలో ఒక భాగము త్రవ్వించుటకు గుత్త తీసికొని, ఆకలిగొన్నవారికి పని కల్పించెను. అన్నముకొఱకు మతము పుచ్చుకొన్నారను మాట రాకుండ, కరవు సహాయము సాగినంతకాలము ఎవరికిని బాప్తిస్మ మీయలేదు. ఆ సహాయము ముగిసిన పిదప 1878 జూలై 3వ తేదీన ఒక్క దినముననే 2,222 మంది బాప్తిస్మము పొందిరి. ఆ జనులు వేదాంతగ్రంథములు చదివినవారు కారు. నీవు ఊరికి వెలుపలివాడవు, నీ నీడయే మైల అని తరతరములుగా తీర్పు వినుచున్నవారు. ఆ తీర్పు దేవునిది కాదని తొలిమాఱు విని ఊపిరి పీల్చుకొన్నవారు. తాను చేర్చుకొనబడితినని మనుష్యుడు అంగీకరించుటయే ధైర్యమునకు మూలమని టిలిక్ న్యూయార్కులో బోధించుటకు ఇంచుమించు డెబ్బదియేండ్లకు ముందే మన మాదిగపల్లెలలో ఆ సంగతి తెలిసినవారుండిరి. గ్రంథములో పేరు మాత్రము వారికి లేదు.

చదువుకొన్నవారిలో నెల్లూరివాడైన పాండిపెద్ది చెంచయ్యగారిని తలపవలెను. ఈయన 1886లో జన్మించెను; టిలిక్ జన్మించినదియు ఆ సంవత్సరముననే. బాల్యముననే కుటుంబముతో క్రైస్తవుడయ్యెను. న్యాయశాస్త్రము చదివి పుదుక్కోట సంస్థానమున ప్రధాన న్యాయమూర్తి పదవి వహించి, 1959లో దివంగతుడయ్యెను. 1938 డిసెంబరులో చెన్నపట్టణము చెంతనున్న తాంబరములో ప్రపంచ క్రైస్తవ మహాసభ జరిగెను. దానికై హెండ్రిక్ క్రేమర్ అను డచ్చి పండితుడు వ్రాసిన గ్రంథము దేవుని వాక్కునకును తక్కిన మతములకును నడుమ లోతైన అగాధమును చూపెను. ఆ యేటనే చెంచయ్యగారును ఆయన మిత్రులును ‘రీథింకింగ్ క్రిస్టియానిటీ ఇన్ ఇండియా’ యను సంపుటమును ప్రకటించి, సంఘవ్యవస్థను సిద్ధాంతములను ప్రక్కనుంచి క్రీస్తును నేరుగా ఎదుర్కొను హక్కు భారతీయునకు కలదని వాదించిరి. యేసు ఒక మతస్థాపకుడు మాత్రమే కాడు, సృష్టిలో ఒక క్రొత్త మెట్టు, నూతన మానవునకు ఆరంభము అని చెంచయ్యగారి దర్శనము. క్రైస్తవుడగుటకు తన పూర్వుల సంస్కృతిని తెంచుకొన నక్కఱలేదని ఆయన నమ్మెను. ఆయనను అస్తిత్వవాది యనరాదు. ఆయన చూపు దిగులుకంటె నూతనసృష్టి వైపునకే ఎక్కువ. ఐనను సిద్ధాంతమును అప్పగించుట వేఱు, జీవమును అందించుట వేఱు అను విషయమున ఆయన పలుకు మనకు నేటికిని పాఠము.

మూడవవాడు మన జాషువ మహాకవి. 1895లో వినుకొండలో పుట్టి, క్రైస్తవుడై, కులముచేత హిందూసమాజమున అవమానములను, పద్యవిద్యచేత సంఘమున అనుమానములను భరించెను. 1941నాటి ‘గబ్బిలము’ కావ్యమున గుడిలో అడుగిడరాని నిరుపేద తన మొఱను గబ్బిలముద్వారా కాశీశ్వరునకు పంపును. ఆ మొఱ యోబు మొఱకు చెల్లెలు. ‘క్రీస్తు చరిత్ర’ కావ్యమునకు 1964లో కేంద్ర సాహిత్య అకాడెమీ బహుమానము వచ్చెను. పద్యము విడువకయే, తెలుగు విడువకయే, అవమానితుడు తన ప్రశ్నను దేవునియెదుట నిలుపవచ్చునని ఆయన జీవితము చాటినది.

ఇపుడు కొన్ని యాక్షేపములు. దేవుని మనోవ్యాధికి మందుగా దిగజార్చుచున్నావని కొందఱు అందురు. వ్యాధియైన దిగులు వేఱు, మనుష్యుడై పుట్టినందున కలుగు దిగులు వేఱు అని టిలిక్ స్పష్టముగా చెప్పెను. మొదటిదానికి వైద్యుడు కావలెను. అచట ప్రార్థన చాలునని రోగిని ఇంట కట్టివేయుట పాపము. రెండవదానికి మందు లేదు, తోడు కావలెను. విషాదయోగమును నచికేతుని కథయు మాకే ఉన్నవి, క్రైస్తవమున విశేషమేమని హిందూ మిత్రులు అడుగుదురు. ఉన్నవి, నేను వాని పాలు త్రాగి పెరిగినవాడనే. హెచ్చుతగ్గులు నిర్ణయించుటకు నేను రాలేదు. క్రైస్తవము ప్రత్యేకముగా మోసికొని వచ్చిన మాట మాత్రము ఒకటి కలదు: అది సిలువ. నగరద్వారము వెలుపల, నేరస్థుల నడుమ, శిష్యులు పాఱిపోగా, తన దేవుడు తన్నేల విడిచెనని అడిగి మరణించినవానియందే దేవుని చూచితిమని తొలి క్రైస్తవులు సాక్ష్యమిచ్చిరి. గోడమీదికి ఎక్కదగిన ముఖము కాదది. పునరుత్థానమును నేను నమ్ముదును. కాని దానిని చెప్పు తొందరలో శుక్రవారమును దాటవేసినచో మరల కథాంతమును మాత్రమే చెప్పినవాడనగుదును.

హిట్లరును ఎదిరించి చెఱయందుండి 1945 ఏప్రిల్ 9వ తేదీన ఉరిదీయబడిన డీట్రిఖ్ బోన్‌హోఫర్ అను యువ బోధకుడు, దేవుడు లోకమున బలముచేత కాక బలహీనతచేతనే మనకు తోడగునని చెఱసాలనుండి వ్రాసెను. అతడు గాంధీమహాత్ముని ఆశ్రమమున కొంతకాలముండ గోరి, 1934లో ఆయననుండి ఆహ్వానమును పొందియు రాలేకపోయెను. వచ్చియుండిన మన దేశమున బలహీనుల తోడు ఎట్లుండునో చూచియుండును.

చైతన్యపురికిని ఎల్.బి.నగర్‌కును నడుమ మెట్రో ఆగుచోటు ఒకటి కలదు. పేరు విక్టోరియా మెమోరియల్. ఆఱవ నిజాము మహబూబ్ అలీ ఖాను నాట సరూర్‌నగర్‌లో నెలకొన్న అనాథశరణాలయమును బట్టి ఆ పేరు వచ్చినది. నాథుడు లేనివాడు అనాథుడు. ర్యాంకులకై పరుగిడువారందఱును దినమునకు రెండుమాఱులు ఆ పేరు వినుచునే పోవుచుందురు.

ఆ కుఱ్ఱవాడు మూడవనాడు ఫోనులో పలికెను. తరువాత ఏడాదికి ఆ విక్టోరియా మెమోరియల్ మెట్లమీదనే నాకు ఎదురుపడెను. సర్కారు కొలువు రాలేదు. ఎల్.బి.నగర్‌లో జిరాక్సు అంగడిలో పనిచేయుచుండెను. నా మోకాళ్ళ నొప్పి యెట్లున్నదని అడిగి, తేనీరు త్రాగించి, డబ్బులు తానే యిచ్చెను. అపుడు నేను ఆ రాత్రి సంగతి అడిగితిని. మా యింటినుండి పోయి గదిలోనికి వెళ్ళక, మిద్దెమీద ఒంటరిగా కూర్చుండెనట. వసతిగృహమున వంట చేయు పెద్దమ్మ గిన్నెలు తోమి, లెక్కకు ఒక పళ్ళెము తక్కువగుట కనిపెట్టి, అన్నము పెట్టుకొని మిద్దెమీదికి వచ్చెనట. పరీక్షను గూర్చి అడుగలేదు. “ముందు తిను బిడ్డా” అని, అతడు తినువఱకు ప్రక్కన కూర్చుండి, తరువాతను లేచిపోలేదట. తెల్లవాఱుజామున ఆమెయే అతనిని ఊరి బస్సెక్కించెను. ఆమె ఏ మతస్థురాలో అతడు అడుగలేదు, నేనును అడుగలేదు.

శ్రోతలారా, యేసు పాపులని పేరు పడినవారితో కూర్చుండి భుజించుటయే ఆనాటి పెద్దలకు కంటగింపైనది. ఆయన చివరిరాత్రి తనవారికి విడిచిపోయినదియు ఒక భోజనమే. ఆ భోజనమును మేము ఆలయములలో ఆచరించుచున్నాము. అది ఎవరి బల్లయో, అచట ఎవరికి ముందుగా చోటో గుర్తుంచుకొనుటకే సంఘమున్నది. సంఘము మఱచినపుడు మిద్దెమీద ఒక వంటమనిషి గుర్తుంచుకొనెను. నేటి సంస్కృతిలో క్రైస్తవ విశ్వాసమునకు చోటున్నదా యని నన్నడిగిన, అట్టి మిద్దెలమీద ఉన్నదని చెప్పుదును. ఆ మెట్లెక్కుటకు మనకు ఓపిక ఉన్నదా యనునదే మిగిలిన ప్రశ్న.

ఈ మాట పాసైనవారికా, ఫెయిలైనవారికా యని అతడు అడిగినపుడు అందఱికని నేను చెప్పితిని. అది తప్పు కాదు, కాని తొందరపాటు. నేడు ఎవరైనను వచ్చి మరల అడిగినచో, ముందుగా తప్పినవారికని చెప్పుదును. చెప్పుటకు ముందు, అన్నము తింటివా యని అడుగుదును.